ఉక్కు వలువలు

పాఠ్యభాగ నేపథ్యం

మధ్యయుగపు ఐరోపా యోధులు ధరించిన లోహకవచాలకు ప్రతిరూపాలను స్వయంగా నిర్మించి, వాటిని ధరించి, ఆ కాలపు జీవితాన్ని అర్థం చేసుకోవడం నేడు పలు దేశాలలో ఒక అభిరుచిగా వర్ధిల్లుతున్నది. ఈ అభిరుచి ఎట్లు పుట్టింది, కవచాన్ని ఎట్లు చేస్తారు, ధరించినవారు ఏమి తెలుసుకొన్నారు అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. చేతిపని వలన కలిగే జ్ఞానం గ్రంథజ్ఞానాన్ని ఏ విధంగా సరిదిద్దగలదో విద్యార్థులు గ్రహించాలన్నది ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారత కథ తెలిసినవారికి కవచం అనగానే కర్ణుడు స్ఫురణకు వస్తాడు. అతని కవచం పుట్టుకతో వచ్చినది. సామాన్య మానవునికి ఆ భాగ్యం లేదు. తన దేహాన్ని కాపాడే కవచాన్ని అతడు నూలుతో, తోలుతో, ఇనుముతో తానే కల్పించుకోవలసి వచ్చింది. ఐరోపాలో 12, 13వ శతాబ్దాల యోధుడు ప్రధానంగా ఇనుప వలయాలతో అల్లిన అంగీని ధరించేవాడు. 14వ శతాబ్దంలో ఆ అంగీపై లోహపు రేకులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. 15వ శతాబ్దం నాటికి ఆపాదమస్తకం దేహాన్ని కప్పే సంపూర్ణ ఉక్కు కవచం రూపొందింది. ఇటలీలోని మిలాన్, జర్మనీలోని న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్ నగరాల కమ్మరులు ఈ పనిలో పేరుపొందారు. తుపాకుల ప్రాబల్యం పెరిగిన కొలదీ కవచం బరువెక్కింది. దాని భాగాలు తగ్గిపోయాయి. 17వ శతాబ్దం ముగిసేసరికి అది యుద్ధరంగం నుండి దాదాపుగా నిష్క్రమించింది.

నేడు ఆ కవచాలు మ్యూజియంలలో అద్దాల వెనుక నిలిచి ఉన్నాయి. వాటిని చూడవచ్చును కాని తాకరాదు. చూచినవారికి సహజంగానే కొన్ని సందేహాలు కలుగుతాయి. ఇంత ఇనుము ధరించి మనిషి ఎట్లు నడిచాడు? క్రింద పడితే ఎట్లు లేచాడు? శిరస్త్రాణపు సన్నని చీలికలో నుండి అతనికి లోకం ఎంత మేరకు కనిపించింది? అద్దం వెనుక ఉన్న కవచం ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పదు. దానిని మళ్లీ చేసి, తొడిగి చూడవలసిందే. ప్రతిరూప కవచ నిర్మాణమనే అభిరుచికి ఈ జిజ్ఞాసయే మూలం.

ప్రాచీన వీరత్వాన్ని అభినయించి చూడాలనే కోరిక కొత్తది కాదు. 1839 ఆగస్టులో స్కాట్లాండులో ఎగ్లింటన్ ప్రభువు మధ్యయుగపు అశ్విక క్రీడలను పునఃప్రదర్శించాడు. ఆ వేడుకను చూడడానికి వేలాదిగా జనం తరలివచ్చారు. అయితే ఆ రోజు కుండపోతగా వాన కురిసి మైదానం బురదమయమైంది. అది ధనవంతుల వినోదం. సామాన్యులు తమ చేతులతో కవచం చేసుకొని ఆడే సంప్రదాయం 20వ శతాబ్దంలో బలపడింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, బర్క్‌లీ నగరంలో, 1966 మే 1వ తేదీన కొందరు మిత్రులు ఒక ఇంటి పెరటిలో మధ్యయుగపు పోటీని వేడుకగా జరుపుకొన్నారు. ఆ పెరటి వేడుక నుండి 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం' అనే సంస్థ పుట్టి, క్రమంగా అనేక దేశాలకు విస్తరించింది.

ఈ అభిరుచిలో అడుగుపెట్టినవారిలో చాలామంది మొదట చేపట్టేది వలయాల అంగీని అల్లడం. దీనికి కొలిమి అక్కరలేదు. ఇనుప తీగెను ఒక కడ్డీ చుట్టూ దగ్గర దగ్గరగా చుడతారు. ఆ చుట్టను పొడవునా కత్తిరిస్తే చిన్న చిన్న వలయాలు విడివడతాయి. రెండు పట్టుకారులతో ఒక్కొక్క వలయాన్ని తెరచి, నాలుగు వలయాలలో గుండా దూర్చి, మళ్లీ మూస్తారు. ఒకటి నాలుగింటిని పట్టుకొనే ఈ అల్లికయే మధ్యయుగపు ఐరోపాలో అత్యంత ప్రచారంలో ఉండేది. ఒక అంగీకి ఇరవై వేలకు పైగా వలయాలు పట్టవచ్చును. నిమిషానికి మూడింటి చొప్పున అల్లినా ఇరవై అయిదు వేల వలయాలకు దాదాపు 140 గంటల కాలం అవసరమవుతుంది. నేటి అభిరుచిపరులు చాలామంది వలయపు కొసలను కేవలం ఆనించి వదలివేస్తారు. ఆనాటి కమ్మరి కొసలను చదును చేసి, వాటికి రంధ్రం పొడిచి, సన్నని మేకుతో బిగించేవాడు. కొసలు ఆనించిన వలయం బలమైన పోటుకు విడిపోతుంది; మేకు బిగించినది అంత సులభంగా విడిపోదు. స్వయంగా అల్లి చూచినవానికే ఆ చిన్న మేకు విలువ బోధపడుతుంది.

వలయాల అల్లిక ఐరోపాకే పరిమితమైన విద్య కాదు. భారతదేశంలో వలయాలను, ఉక్కు రేకులను కలిపి కవచాలు చేసేవారు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉన్న రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఇటువంటి పనితనంతో చేసిన ఏనుగు కవచం ఉన్నది. మద్రాసు గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ క్లైవ్ భార్య దానిని 1801లో ఇంగ్లండుకు చేర్చింది. కొన్ని భాగాలు పోగా మిగిలిన కవచమే 118 కిలోల బరువు తూగుతుంది. నేటికీ ఈ విద్యతో మన దేశానికి సంబంధం తెగిపోలేదు. ఉత్తరాఖండ్‌లోని డెహ్రాడూన్‌లో తయారైన ప్రతిరూప కవచాలు, ఖడ్గాలు విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి.

రేకుల కవచం చేయడం మరింత కష్టతరమైన పని. మొదట ధరించేవాని కొలతలు తీసుకొని అట్టముక్కలతో నమూనా చేస్తారు. ఆ నమూనా శరీరానికి సరిపోయిన పిమ్మటనే ఉక్కు రేకును కత్తిరిస్తారు. చెట్టు మొద్దులో తొలిచిన గుంటపై రేకును ఉంచి, గుండ్రని తల గల సుత్తితో కొడుతూ పోతే అది మెల్లమెల్లగా గిన్నె వలె వంగుతుంది. దెబ్బలు తిన్న కొలదీ ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. అప్పుడు దానిని ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లార్చితే తిరిగి మెత్తబడుతుంది. మోచేయి, మోకాలు వంటి కీళ్ల వద్ద చేపపొలుసుల వలె ఒకదానిపై ఒకటి కదలే సన్నని రేకులను అమర్చాలి. కొన్నిచోట్ల గుండ్రని రంధ్రానికి బదులు పొడవైన గాడి చేసి అందులో మేకు జారే విధంగా బిగిస్తారు. ఆ గాడి ఒక వెంట్రుకవాసి తప్పినా చేయి వంగదు. నాలుగైదు పర్యాయాలు విప్పి, సరిచేసి, మళ్లీ బిగించిన తరువాత గాని తొలి ప్రయత్నకారునికి మోచేతి కవచం సిద్ధించదు.

ఈ పనిలో ప్రమాదాలు లేకపోలేదు. సుత్తి మోత చెవులకు హాని చేస్తుంది. రాపిడి నుండి లేచే ఇనుప రజను కంటిలో పడుతుంది. జస్తు పూత గల రేకును, తీగెను కొలిమిలో కాల్చితే వెలువడే పొగ జ్వరాన్ని, శ్వాసబాధను కలిగిస్తుంది. కనుకనే అనుభవజ్ఞులు కొత్తవారికి కంటి అద్దాలు, చెవి రక్షకాలు ధరించడం నేర్పిన తరువాతనే సుత్తి చేతికి ఇస్తారు.

కవచం ధరించడం కూడా ఒక విద్యయే. ముందుగా దూది కూరి కుట్టిన మెత్తని అంగీని తొడుక్కోవాలి. రేకుల కవచంలోని పలు భాగాలను ఆ అంగీకే తాళ్లతో కడతారు. కాళ్ల నుండి మొదలు పెట్టి పైకి పోతూ, చివరకు శిరస్త్రాణం ధరిస్తారు. ఇదంతా ఒక్కనికి సాధ్యం కాదు. ప్రక్కన సహాయకుడు ఉండి తీరాలి. సంపూర్ణమైన యుద్ధకవచం సాధారణంగా 20 నుండి 25 కిలోల బరువుంటుంది. ఆ బరువును మూటగట్టి వీపుపై మోయడం వేరు. నడుము, భుజాలు, కాళ్లు పంచుకొని మోయడం వేరు. కవచం శరీరానికి అమరినప్పుడు అది మోత కాక వస్త్రమవుతుంది.

పూర్వం చాలామంది కవచధారిని నిస్సహాయునిగా భావించేవారు. 1944లో లారెన్స్ ఒలివియర్ నిర్మించిన 'హెన్రీ ది ఫిఫ్త్' చలనచిత్రంలో యోధుని కప్పీతో పైకెత్తి గుర్రంపై కూర్చుండబెట్టే దృశ్యం ఉన్నది. ఈ భావన సత్యదూరం. తన కొలతలకు సరిపోయిన కవచం తొడిగినవాడు నేలపై పడుకొని తానే లేవగలడు, పరుగెత్తగలడు, సహాయం లేకుండానే గుర్రం ఎక్కగలడు. ప్రతిరూపాలు ధరించినవారు ఈ విషయాన్ని పదే పదే ప్రత్యక్షంగా చూపారు.

అయితే దీనిని బట్టి కవచం శ్రమ కలిగించదని భావించడమూ పొరపాటే. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ ఆస్క్యూ బృందం 2011లో ఒక పరిశోధనను ప్రచురించింది. మధ్యయుగపు పోరాటాలను అభినయించడంలో ఆరితేరినవారికి ప్రతిరూప కవచాలు తొడిగి, కదలే పట్టాపై నడిపించి, పరుగెత్తించి, వారు పీల్చే ప్రాణవాయువును కొలిచారు. కవచం లేనప్పటి కంటే నడకలో 2.1 నుండి 2.3 రెట్లు, పరుగులో సుమారు 1.9 రెట్లు అధికశక్తి ఖర్చయినట్లు తేలింది. అడుగడుగునా కాళ్ల రేకుల బరువును ఊపవలసి రావడం, ఉక్కు బిగింపులో రొమ్ము పూర్తిగా విప్పారకపోవడం ఇందుకు కారణాలు. 1415లో అజిన్‌కోర్ట్ బురదనేలపై కవచాలతో నడచిన ఫ్రెంచి సైనికులు ఎంతగా అలసి ఉంటారో ఈ లెక్కలు ఊహకు అందిస్తాయి. కవచధారి నిస్సహాయుడు కాడు, అలుపెరుగనివాడూ కాడు. ఈ మధ్యస్థమైన సత్యాన్ని వెలికితీయడంలో అభిరుచిపరుల స్వానుభవం శాస్త్రానికి తోడ్పడింది.

కవచం తయారైన తరువాత దానితో ఆడాలనే ఉత్సాహం కలగడం సహజం. పైన పేర్కొన్న సంస్థ పోటీలలో ఉక్కు ఖడ్గాలకు బదులు బెత్తంతో చేసిన కత్తులను వాడతారు. శిరస్త్రాణం మాత్రం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందం గల ఉక్కుతో చేసినదై ఉండాలి. మోకాలికి దిగువన కొట్టరాదు. అన్నిటికంటే విశేషమైన నియమం మరొకటి ఉన్నది. దెబ్బ గట్టిగా తగిలిందో లేదో నిర్ణయించేది ఎదుటివాడు కాదు, మధ్యవర్తి కాదు. తగిలించుకొన్నవాడే చెప్పాలి. చేతికి తగిలితే ఆ చేతిని వెనుకకు పెట్టుకొని పోరాడాలి. కాలికి తగిలితే మోకాళ్లపై నిలిచి పోరాడాలి. 1972 నుండి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈ సంస్థ 'పెన్సిక్ వార్' అనే వేసవి సమావేశాన్ని నిర్వహిస్తున్నది. పదివేల మందికి పైగా పాల్గొనే ఆ సమావేశంలో వందలాది యోధులు ఒకేసారి తలపడినప్పుడు కూడా ఆట నడిచేది ఈ నిజాయితీ మీదనే. ఒక్కడు అబద్ధమాడితే అతనికి గెలుపు దక్కవచ్చును, గౌరవం దక్కదు.

మోకాలికి దిగువన కొట్టరాదన్న నియమం వెనుక మరచిపోరాని చరిత్ర ఒకటి కనిపిస్తుంది. 1361 జూలైలో డెన్మార్క్ రాజు నాలుగవ వాల్డెమార్ సైన్యం బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్ ద్వీపంపై దాడి చేసింది. విస్బీ నగర ప్రాకారం వెలుపల ఆ ద్వీపపు రైతులు దానిని ఎదిరించి హతులయ్యారు. మృతులను పెద్ద గోతులలో సామూహికంగా పూడ్చారు. చాలామంది కవచాలు కూడా వారితోనే మట్టిలో కలిశాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ గోతులను త్రవ్వినప్పుడు వెయ్యికి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వారిలో కౌమారం దాటని బాలురు ఉన్నారు, వృద్ధులు ఉన్నారు. కాలి ఎముకలపై, ముఖ్యంగా పిక్కల భాగంలో, కత్తివేట్ల గుర్తులు విస్తారంగా కనిపించాయి.

ఆ గోతులలో దొరికిన రేకుల అంగీలే నేడు అభిరుచిపరులు ఎక్కువగా అనుకరించే నమూనాలలో ఒకటి. తోలు లేదా దళసరి గుడ్డ లోపలి వైపున ఇనుప రేకులను వరుసగా మేకులతో బిగించి వాటిని చేస్తారు. ఆ నమూనాను ముందు పెట్టుకొని మేకు కొట్టే యువకుడు తన చేతిలోని వస్తువు ఎవరి దేహం నుండి వచ్చిందో తెలుసుకొనే పని చేయాలి. నేటి ఆటలో దెబ్బతిన్నవాడు నవ్వుతూ లేచి, ఎదుటివానితో కరచాలనం చేస్తాడు. విస్బీ ప్రాకారం ముందు పడినవారు లేవలేదు.

ప్రతిరూపం చేయడంలో నిజాయితీ మరొక విధంగానూ అవసరం. తాను చేసిన దానిని పాతదని నమ్మించి అమ్మితే అది మోసం. తన ముద్ర వేసి, ఏ లోహం వాడినదీ, ఎక్కడ పూర్వపద్ధతిని విడిచినదీ చెప్పుకొంటే అది విద్య. మధ్యయుగపు కమ్మరులు కూడా తాము చేసిన కవచాలపై తమ ముద్రలు వేసుకొనేవారు. ఆ కమ్మరులలో అనేకుల పేర్లు నేడు ఎవరికీ తెలియవు. కాని వారి సుత్తి దెబ్బను తన సుత్తితో అనుసరించేవాడు వారి కష్టాన్ని కొంతైనా తెలుసుకొంటాడు. వినోదంగా మొదలైన పని ఆ విధంగా పూర్వుల పట్ల గౌరవంగా పరిణమిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఆపాదమస్తకం – కాళ్ల నుండి తల వరకు
జిజ్ఞాస – తెలుసుకోవాలనే కోరిక
శిరస్త్రాణం – తలను కాపాడే లోహపు టోపీ
జస్తు – ఇనుము తుప్పు పట్టకుండా పూతగా వాడే తెల్లని లోహం
స్వానుభవం – తన సొంత అనుభవం
ప్రాకారం – కోటగోడ
కౌమారం – బాల్యానికి, యౌవనానికి నడిమి వయస్సు

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ప్రతిరూప కవచాలను నిర్మించే విధానాన్ని వివరించండి.
2. కవచధారిని గూర్చి ప్రచారంలో ఉన్న అపోహలను స్వానుభవం, శాస్త్రపరిశోధన ఎట్లు సరిదిద్దాయో తెలపండి.

ఆ. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఇరవై వేలకు పైగా వలయాల అంగీలో చిన్న మేకు విలువ ఎట్టిది?
2. పోటీలలో దెబ్బను నిర్ణయించే నియమం ఏమిటి? దానిలోని నీతి ఏది?
3. విస్బీ గోతులు ఏ సత్యాన్ని తెలుపుతున్నాయి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. తగిలించుకొన్నవాడే చెప్పాలి.
2. విస్బీ ప్రాకారం ముందు పడినవారు లేవలేదు.

ఈ. కింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.
స్వానుభవం, అత్యంత, శతాబ్దం, ఒక్కొక్క