రేవు ఊరా, రైలు ఊరా?

చదువవలసిన భాగములు: ఆదికాండము 13:1-18, అపొస్తలుల కార్యములు 27:7-15, లూకా 14:28-30



మన దర్శి ప్రాంతములో మిరప కళ్లములు ఎత్తిన తరువాత అనేక గృహములలో ఒకే మాట వినబడుచున్నది: "ఇక్కడే ఉందామా, వెళ్లిపోదామా?" 2025 ఆరంభమున మిరప ధర పడిపోయినప్పుడు కౌలుకు చేసినవారు ఎందరో అప్పులపాలైరి. ఊరు విడుచుట పాపము కాదు. విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము ఊరు విడిచినవాడే. అయితే ఏ ఊరు చేరవలెను, దేనిని చూచి ఆ ఊరు కోరుకొనవలెను అనునదియే ఈ మాసపు పాఠము.

మా సంఘములోని ఒక కుటుంబమువారు ఒక సాయంకాలము మా యొద్దకు వచ్చిరి. భర్తకు విజయవాడలో గుమాస్తా పని దొరికినది. ఒంగోలులో కాపురముండి ప్రతిదినము రైలులో పోయి రావచ్చునని అతని తలంపు. భార్య అన్నగారు రామాయపట్నము దాపున సముద్రపు టొడ్డు పల్లెలో ఉన్నారు. ఆయన తనతోకూడ చేపల వ్యాపారము చేయుమని పిలుచుచున్నారు.

"అయ్యగారూ, ఒంగోలైతే పిల్లలకు చదువు, అమ్మకు ఆస్పత్రి దగ్గర. మా బావ దగ్గరికెళ్తే మనశ్శాంతి. ఎటు పొమ్మంటారు?" అని అతడడిగెను.

ఆమె తల వంచుకొనియే, "ఈయన తెల్లారుజామున రైలెక్కి రాత్రికి వస్తే, పిల్లలు నాన్నను నిద్దట్లో తప్ప చూడరండీ" అనెను.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ముగ్గురమును కూర్చుండి వాక్యము తెరచితిమి.

1. కన్ను చూచినది, చూడనిది

అబ్రాము మందలు, లోతు మందలు పెరిగి కాపరులకు తగవు వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాము కోరుకొను హక్కును చిన్నవానికే యిచ్చెను. లోతు యొర్దాను మైదానమువైపు చూచెను. సాగరు కాలువ క్రింది మాగాణి చూచి మెట్టరైతు కన్ను నిలిచిపోయినట్లు అతని కన్ను అక్కడ నిలిచెను. నీళ్లు చూచుట తప్పు కాదు. కాని తన పిల్లలకు పొరుగువారెవరగుదురో అతడు విచారింపలేదు. మొదట సొదొమ దగ్గర గుడారము వేసికొనెను. 19వ అధ్యాయమునకు వచ్చుసరికి ఆ ఊరి గవినియొద్దనే కూర్చుండియున్నాడు. పశువులకు మేత చూచినవాడు బిడ్డలకు పొరుగు చూడలేదు.

అబ్రామైతే హెబ్రోను చేరి బలిపీఠము కట్టెను. అతడు ఎక్కడ దిగినను ఆరాధనకు చోటు ఏర్పరచుకొనెను. లోతు కట్టిన బలిపీఠమును గూర్చి ఆ గ్రంథములో ఒక్క మాటయు లేదు.

2. మెల్లని గాలి

పౌలు ఖైదీగా ఎక్కిన ఓడ క్రేతులో మంచిరేవులు అను స్థలమునొద్ద ఆగెను. చలికాలము గడుపుటకు ఆ రేవు అంత వసతిగా లేదు. ఫీనిక్సు అను రేవు అంతకంటె మేలైనది. ఇప్పుడు ప్రయాణము చేసిన నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. అయినను శతాధిపతి నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. పోదమనినవారే ఎక్కువమంది. అంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరగా, తమ ఆలోచన సమకూడినదని వారు సంతోషించిరి. కొంతసేపటికే పెనుగాలి కొట్టెను. చివరకు ఓడ బద్దలాయెను. దేవుని కృపచేత మాత్రమే అందులోని 276 మందియు ప్రాణములతో ఒడ్డు చేరిరి.

మనమును ఇట్లే చేయుచున్నాము. అద్దె ఇల్లు వెంటనే దొరికెను, అడ్వాన్సు చేతికి వచ్చెను, గనుక ఇది దేవుని చిత్తమే అందుము. మొదట విసరిన మెల్లని గాలి దేవుని చిత్తమునకు రుజువు కాదు. ప్రార్థించి, లెక్క చూచి, హెచ్చరించువారి మాటను కూడ వినవలెను.

3. రేవులు మారిపోవును

"ఆ పల్లె ప్రశాంతము" అని ఆ సహోదరుడు పలుమారులు చెప్పెను. చీరాలకు దక్షిణముగా మోటుపల్లి యున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనము వేయించెను. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరి. ఇక అట్లు జరుగదని ఆయన వర్తకులకు అభయమిచ్చెను. దేశదేశముల ఓడలు వచ్చిన ఆ రేవు నేడు ఒక చిన్న పల్లె. సందడి నిలువలేదు.

నెమ్మదియు నిలువదు. రామాయపట్నములో 2022 జూలై 20న ఓడరేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగెను. దాని కొరకు చేరువనున్న మత్స్యకారుల పల్లెలు కొన్ని ఖాళీ చేయవలసివచ్చెను. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన తీరమును కూడ తాకి ప్రాణములు తీసికొనెను. ఊరి నెమ్మదిని నమ్ముకొని పోవువాడు, ఆ ఊరు మారిన దినమున ఏమి చేయును?

4. మన పెద్దల మాదిరి

1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున జూయెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1872లో సముద్రపు టొడ్డున రామాపట్నములో, అనగా ఈ రామాయపట్నములోనే, బోధకులకొరకు వేదపాఠశాల నెలకొల్పబడెను. ఒకటి రహదారి ఊరు, మరియొకటి నెమ్మదిగల రేవు. నెమ్మదిలో నేర్చుకొనినవారు దుమ్ము దారులలో నడచి మన పల్లెలకు వచ్చిరి. యేసు ప్రభువును కపెర్నహూములో పెందలకడ లేచి అరణ్య ప్రదేశమున ప్రార్థించి, పిమ్మట ఇతర గ్రామములకు సాగిపోయెను (మార్కు 1:35-38). నెమ్మది దాగుకొనుటకు కాదు, పంపబడుటకే.

1876-78 నాటి కరువులో మన తాతలు కూలి కొరకు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమునకు పోయిరి. మూడున్నర మైళ్ల పనిని క్లౌ దొరగారు కంట్రాక్టు తీసికొనిరి. మట్టి మోసినవారు విశ్రాంతి వేళ వాక్యము వినిరి. గింజలకొరకు క్రైస్తవులైరను నింద రాకుండ, కరువు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపబడెను. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలికి ఊరు విడిచినవారు క్రీస్తును వెంటబెట్టుకొని ఇల్లు చేరిరి.

5. కూర్చుండి లెక్క చూచుట

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను. మేము ఆ సహోదరునిచేత కాగితముమీద వ్రాయించితిమి. ఒంగోలు నుండి విజయవాడకు రైలు దారి ఇంచుమించు 140 కిలోమీటర్లు. పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు రెండున్నర గంటలు అనుకొనినను దినమునకు 5 గంటలు. ఆరు దినములకు 30 గంటలు. అనగా ఒక పగలు, ఒక రాత్రి, మరియొక పూట.

రేవు లెక్కయు వ్రాయించితిమి. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరబోట్ల వేట నిషేధము. ఆ రోజులలో వ్యాపారమేమి? పడవలు ఆదివారము ఉదయము ఒడ్డు చేరిన, ఆరాధనకు వెళ్లుదువా, బేరమునకు వెళ్లుదువా? రాత్రివేళ తల్లికి ఆయాసము వచ్చిన ఎంత దూరము పోవలెను?

కాగితము చూచి అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "జీతమొక్కటే లెక్కపెట్టానండి, గంటలు లెక్కపెట్టలేదు" అనెను.

వారు ఒంగోలే వెళ్లిరి, తల్లి వైద్యము కొరకు. అయితే విజయవాడ పని వదలుకొని, జీతము తక్కువైనను ఒంగోలులోనే ఒక కొట్టులో పని చూచుకొనెను. రాత్రి భోజనమునకు ముందు కుటుంబ ప్రార్థన జరుగుచున్నది. గురువారము సాయంకాలము మన వైపునుండి వెళ్లినవారు కొందరు వారి వసారాలో కూడుకొనుచున్నారు. అప్పు ఇంకను తీరలేదు. అయినను బలిపీఠము నిలిచియున్నది.

అందరును ఒంగోలు పోవలెనని మేము చెప్పుట లేదు. మరియొక కుటుంబమునకు రేవే తగినదై యుండవచ్చును, మరియొకరికి దర్శిలోనే నిలుచుట తగును. పట్టణములోను పొలములోను దీవించువాడు ఒక్కడే (ద్వితీ. 28:3).

కుటుంబములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనము వెళ్లగోరు ఊరిలో తండ్రికిని పిల్లలకును కలిసి మెలకువగానుండు గంటలు ఎన్ని?
2. అక్కడ మనకు సంఘమున్నదా? లేనియెడల మన వాకిట ప్రార్థన మొదలుపెట్టుటకు సిద్ధముగా నున్నామా?
3. ఇంటి ఇల్లాలు, ముసలివారు, పిల్లలు చెప్పిన మాట వింటిమా, లేక ఓడ యజమాని మాట మాత్రమే వింటిమా?
4. ఆ ఊరివలన మనకు కలుగు మేలు అడిగితిమి. మనవలన ఆ ఊరికి కలుగు మేలు ఏమి?

ప్రభువు మన రాకపోకలను కాపాడును గాక. ఆమెన్.