ప్రశ్నలు - జవాబులు: బండి ఎడమకే లాగుతోంది!

ప్రశ్న: ఇంగ్లండ్‌లో చదువుకుంటూ, సెలవు రోజుల్లో ఒక సైడ్‌కార్ రేసు జట్టుకు సాయం చేస్తున్నాను. ఎఫ్2 (ఫార్ములా 2) తరగతి బండి, సైడ్‌కార్ ఎడమవైపు. నేరుగా పోతున్నా ఎడమకే లాగుతోంది. ముందు టైరు ఎడమ అంచు తొందరగా అరుగుతోంది. ముందు చక్రం ఎన్నిసార్లు సరిచేసినా ఫలితం లేదు.
- ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: థ్రాటిల్ తిప్పినప్పుడే లాగుతోందా, ఎప్పుడూనా? ముందు అది తేల్చుకోండి. బండిని తోసే వెనక చక్రం కుడివైపుంది, బరువేమో ఎడమకూ పరుచుకుని ఉంది. థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎడమకి తిరగబోతుంది. అది సైడ్‌కార్ పుట్టుక గుణం, స్పానర్‌తో పోదు. చదునైన ట్రాక్ మీద, ఒకే వేగంలో కూడా లాగుతుంటేనే అలైన్‌మెంట్‌ని అనుమానించాలి.

అప్పుడైనా మొదటి ముద్దాయి ముందు చక్రం కాదు. కారుకి ముందు రెండు చక్రాలుంటాయి కాబట్టి ఒకదానికొకటి సర్దుతాం. ఇక్కడున్నది ఒక్కటే. స్టీరింగ్ రాడ్ పొడవు మారిస్తే హ్యాండిల్ తిన్నగా కనిపిస్తుంది, అంతే. బండి నడక మారదు. నడకంతా వెనక చక్రానికీ సైడ్‌కార్ చక్రానికీ మధ్య ఉన్న టో-ఇన్‌ది, అంటే ఆ రెండూ ముందువైపు ఒకదానివైపు ఒకటి ఎంత మళ్లి ఉన్నాయన్నదానిది. అది తక్కువైతే బండి ఎడమకి పోతుంది. మీ అవస్థ అదే అయ్యుండొచ్చు.

కొలిచే ముందు బేరింగులు, బాల్ జాయింట్లు వదులున్నాయేమో చూడండి. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి రేసు రోజున పెట్టేంత ఉండాలి. రైడరు మోకాళ్ల మీద, ప్యాసింజర్ తిన్నటి దారిలో పడుకునే చోట ఉండాలి. మనుషులు లేకుండా తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. వెనక రిమ్‌కి ఒక పొడవాటి అల్యూమినియం పట్టీ, సైడ్‌కార్ రిమ్‌కి ఇంకొకటి ఆనించి, పట్టీల మధ్య దూరం ముందుకొసలోనూ వెనకకొసలోనూ కొలవండి. ముందు తక్కువ రావాలి. రిమ్‌లో వంకర ఉంటే లెక్క తప్పుతుంది; చక్రం సగం చుట్టు తిరిగేలా బండిని తోసి మళ్లీ కొలిచి, సగటు తీసుకోండి. ఎంత తేడా ఉండాలో చాసిస్ కట్టినవాళ్లే చెప్పాలి. మార్చేటప్పుడు ఒక్కో మిల్లీమీటరే మార్చండి.

ఇక టైరు అంచు. బ్రిటన్ సర్క్యూట్లు ఎక్కువగా సవ్యదిశలో తిరిగేవి, అంటే కుడి మలుపులే ఎక్కువ. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ అంచు మీద పడుతుంది, కొంత అరగడం సహజమే. మితిమీరితే అప్పుడు క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) చూడండి. రేసు టైరు కారు టైరులా చదునుగా ఉంటుంది కాబట్టి చక్రం కొద్దిగా వాలినా భారం ఒక అంచు మీదే ఎక్కువగా పడుతుంది.

మీ జట్టు ఎప్పుడైనా ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీకి వెళ్తే సర్క్యూట్ సెట్టింగ్‌తో వెళ్లొద్దు. అది 60 కిలోమీటర్ల మామూలు రోడ్డు, మధ్యలో ఉబ్బి అంచులకు వాలి ఉంటుంది, గతుకులూ ఉంటాయి. అక్కడే 2023లో సైడ్‌కార్ రేసర్లు బర్చల్ సోదరులు ఒక ల్యాప్ సగటు వేగాన్ని గంటకు 193 కిలోమీటర్లు దాటించారు!

ప్రశ్న: మా బుల్లెట్‌కి సైడ్‌కార్ బిగించాం. ఎక్కువగా అమ్మే కూర్చుంటుంది. రేసు బండ్ల లెక్కలే దీనికీ సరిపోతాయా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సరిపోవమ్మా. బుల్లెట్ టైరు గుండ్రం. టో-ఇన్ సుమారు అర అంగుళం పెట్టి, బండిని సైడ్‌కార్‌కి అవతలి వైపు కొద్దిగా వాల్చి బిగిస్తారు. కొలిచేటప్పుడు అమ్మగారిని కూర్చోబెట్టండి. ఒకరోజు తిరిగాక క్లాంపు బోల్టులు మళ్లీ బిగించడం మరవకండి.