ఫోనులో వచ్చిన వైద్యం

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఆ కబురు నేడు నిమిషాల్లో బంధువులందరికీ చేరుతుంది. దీనివల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. మా కుటుంబం రెండూ చూసింది గనుక మీతో పంచుకొంటున్నాను.

2007లో నెట్ సెంటరులో గంటకింతని డబ్బు కట్టి ఆర్కుట్ చూసేవాడిని. స్నేహితుల పలకరింపులు తప్ప అందులో మాకు వేరే పని ఉండేది కాదు. 2014లో ఆ సైటు మూతబడింది. అప్పటికే ఫేస్‌బుక్, వాట్సాప్ మా ఇంట్లోకి వచ్చేశాయి. కుటుంబ గ్రూపులో పలకరింపులతో పాటు కషాయాలు, పథ్యాలు కూడా రాసాగాయి.

నాన్నగారు షుగరు వ్యాధికి రోజూ ఇన్సులిన్ తీసుకొనేవారు. 2017లో మా మేనత్త గ్రూపులో ఒక సందేశం పెట్టింది. నలభై రోజులు కాకరకాయ రసం తాగితే ఇన్సులిన్‌తో పనే లేదట. కింద ఎవరో డాక్టరు పేరు కూడా ఉంది. అత్తయ్య ప్రేమతోనే పంపింది. నాన్నగారు మాకెవరికీ చెప్పకుండా ఇన్సులిన్ మానేశారు. కొద్ది రోజులకే విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం మొదలయ్యాయి. ఒక ఉదయం పిలిస్తే సరిగా పలకలేదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి షుగరు 500 దాటింది. దేవుని దయవల్ల, సమయానికి అందిన చికిత్స వల్ల బ్రతికి బయటపడ్డారు.

ఆ వారంలోనే తమ్ముడు ఐ.సి.యు.లో ఉన్న నాన్నగారి ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ప్రార్థన చేయమని అడగడం మంచిదే. కానీ ముక్కులో గొట్టంతో పడుకొన్న తనను ఊరంతా చూసిందని తెలిసి, కోలుకున్నాక ఆయన ఎంతో నొచ్చుకున్నారు.

మేలు కూడా చెప్పాలి. చెల్లెలి కాన్పులో రక్తం అవసరమైతే, సంఘం వాట్సాప్ గ్రూపులో చూసి ఒక యువకుడు గంటలో వచ్చి ఇచ్చాడు. అయితే సందేశంలో తేదీ వేయలేదు. మూడు నెలల తరువాత కూడా రక్తం ఇస్తామని ఫోన్లు వచ్చాయి!

మేము నేర్చుకొన్న పాఠాలు:

1. ఫోనులో ఏ వైద్యం వచ్చినా, డాక్టరుగారిని అడగకుండా వాడుతున్న మందు మానవద్దు, మోతాదు మార్చవద్దు. ఇన్సులిన్, ఫిట్స్, బి.పి., గుండె మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు.

2. కషాయాలు, రసాలు తాగుతుంటే డాక్టరు వద్ద దాచవద్దు. షుగరు మందులతో పాటు కాకర రసం ఎక్కువగా తాగితే కొందరికి షుగరు మరీ పడిపోవచ్చు.

3. డాక్టరు పేరు ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. పేరు ఎవరైనా రాయవచ్చు. వాట్సాప్ సందేశం పైన రెండు బాణం గుర్తులుంటే, అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

4. రోగి ఒప్పుకోనిదే ఫోటో గాని, రిపోర్టు గాని పెట్టవద్దు. ప్రార్థన మనవికి పేరు చాలు.

5. రక్తం కోరేటప్పుడు గ్రూపు, ఆసుపత్రి, తేదీ రాయండి. అవసరం తీరగానే అందరికీ తెలపండి.

అత్తయ్యను మేమెవరం నిందించలేదు. ఇప్పుడు అలాంటి సందేశం వస్తే ముందుగా నాకే ఫోను చేస్తుంది. "ఒరేయ్, డాక్టరుగారిని అడిగి చెప్పరా, తరువాతే గ్రూపులో పెడతాను" అంటుంది.

ప్రభువు మనకు ప్రేమతో పాటు వివేచనను కూడా అనుగ్రహించును గాక.