డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్ నుంచి మొబైల్ యాప్‌ల వైపు – స్వయం ఉపాధి లబ్ధిదారులకు అవగాహన పాఠం

ఈ పాఠం ఎవరికి?

షాపులకు బిల్లింగ్, రైస్ మిల్లులకు స్టాకు లెక్కలు, చిట్‌ఫండ్ ఆఫీసులకు ఖాతాలు... ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసిచ్చి జీవనం సాగిస్తున్న వారికి. పార్టీలు ఇప్పుడు "ఇదంతా నా ఫోన్‌లో కనబడాలి" అంటున్నారు. విజువల్ బేసిక్ 6.0 కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లోనే ఆగిపోయింది. అంతమాత్రాన మీ అనుభవం వృథా కాదు. పార్టీ వ్యాపారం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. అదే మీ అసలు పెట్టుబడి.

1. ఏ దారిలో వెళ్లాలి?

• సీ షార్ప్ వచ్చినవారు: డాట్‌నెట్ మౌయి నేర్చుకోవచ్చు. భాష అదే. పాత జామరిన్ పాఠాలు మాత్రం చూడొద్దు, దానికి 2024 మేలో మద్దతు ముగిసింది.
• జావా వచ్చినవారు: కోట్లిన్. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ 2019 నుంచి దీనికే ప్రాధాన్యం ఇస్తోంది.
• ఒకే కోడుతో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ కావాలంటే: ఫ్లట్టర్. ఇందులో డార్ట్ భాష కొత్తగా నేర్చుకోవాలి.

ఒక్కటే ఎంచుకోండి. మూడింటిలో తలా కొంచెం నేర్చుకుంటే ఏ పనీ పూర్తి కాదు.

2. ఎక్కడ తడబడతాం?

డెస్క్‌టాప్‌లో ప్రోగ్రామ్ తెరిస్తే మనం మూసేదాకా ఉంటుంది. ఫోన్‌లో అలా కాదు. బిల్లు కొడుతుండగా కాల్ వస్తే యాప్ వెనక్కి వెళ్తుంది, మెమరీ చాలకపోతే ఫోనే దాన్ని ఆపేస్తుంది. కాబట్టి సగం నింపిన వివరాలను ఎప్పటికప్పుడు భద్రపరచాలి.

డెస్క్‌టాప్‌లో లాగా షాపులోని డేటాబేస్‌కు యాప్‌ను నేరుగా కలపొద్దు. కలిపితే పాస్‌వర్డ్ యాప్‌లోనే ఉండి బయటివాళ్లకు దొరికిపోతుంది. మధ్యలో సర్వర్, ఏపీఐ ఉండాలి. నెట్ లేనప్పుడు కూడా పని ఆగకుండా ఫోన్‌లో ఎస్‌క్యూలైట్ వాడి, నెట్ వచ్చాక సర్వర్‌కు పంపాలి.

3. ఖర్చు ఎంత?

• గూగుల్ ప్లే ఖాతా: 25 డాలర్లు, ఒకేసారి.
• ఆపిల్ ఖాతా: ఏటా 99 డాలర్లు. మ్యాక్ కంప్యూటర్ కూడా కావాలి. అందుకే ముందు ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టడం మేలు.

గమనిక: ప్లేలో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్ష జరపాలి. పార్టీకి తేదీ చెప్పేటప్పుడు ఈ రోజులు కలుపుకోండి.

4. ధర ఎలా కట్టాలి?

ఉదాహరణకు, కోడు రాయడానికి 30 రోజులు, పరీక్షలకు, మార్పులకు 12 రోజులు పడతాయనుకోండి. రోజుకు రూ.1,000 చొప్పున 42 రోజులకు రూ.42,000. చాలామంది 30 రోజులకే లెక్క కట్టి రూ.12,000 నష్టపోతారు. మొత్తాన్ని మూడు వాయిదాలుగా, రూ.14,000 చొప్పున తీసుకోండి: పని మొదలుపెట్టేముందు, మొదటి యాప్ చూపించినప్పుడు, విడుదలప్పుడు.

ఏం చేసిస్తారో, ఎన్ని మార్పులు ఉచితమో, యాప్ ఎవరి ఖాతాలో ఉంటుందో కాగితం మీద రాసుకోండి. పార్టీ యాప్ పార్టీ ఖాతాలోనే ఉండటం మంచిది. రేపు మాట తేడా వచ్చినా ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌ను మార్చమని గూగుల్ ఏటా అడుగుతుంది, అందుకే ఏడాది నిర్వహణ రుసుము విడిగా మాట్లాడుకోండి.

5. రుణం, రిజిస్ట్రేషన్

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. ముద్ర శిశు విభాగంలో రూ.50,000 వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి. ఇది సబ్సిడీ కాదు, వడ్డీతో కట్టాల్సిన అప్పు. ముద్రకు ఏజెంట్లు ఎవరూ లేరు. ఇప్పిస్తామని కమీషన్ అడిగితే ఇవ్వకండి.

6. తరచూ అడిగే ప్రశ్నలు

డెస్క్‌టాప్ పని మానేయాలా?
వద్దు. పాత పార్టీల నెలవారీ డబ్బులే నేర్చుకునే కాలంలో ఇల్లు నడుపుతాయి. మొదటి యాప్ కూడా వాళ్లలో ఒకరికే చేసిపెట్టండి.

ముందే అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
ఉన్న కంప్యూటర్‌లో చిన్న యాప్ చేసి, మీ ఫోన్‌నే కేబుల్‌తో కలిపి పరీక్షించండి. మొదటి అడ్వాన్సు చేతికొచ్చాక రుణం సంగతి ఆలోచించండి.

జీఎస్టీ తీసుకోవాలా?
సేవల రాబడి ఏడాదికి రూ.20 లక్షలు దాటితే తప్పనిసరి.

పార్టీ టీడీఎస్ పట్టుకుంటే డబ్బు పోయినట్టేనా?
కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది. ఫారం 26ఏఎస్‌లో చూసుకుని, రిటర్ను వేసి, పన్ను పోగా మిగిలింది తిరిగి పొందవచ్చు.

ఈ నెలలో చేయాల్సినవి

☐ ఒక దారి ఎంచుకోవడం
☐ పాత పార్టీ ఒకరిని "ఫోన్‌లో మీకు ముందు ఏం కావాలి?" అని అడగడం
☐ ఆ ఒక్క పనికి సరిపడా చిన్న యాప్ చేసి చూపించడం
☐ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోవడం