సలహా కొనే ముందు ప్రశ్న సిద్ధం చేసుకోండి

టెక్నాలజీ రంగంలో పేరున్న వ్యక్తికి డబ్బు కట్టి మెసేజ్ పెట్టొచ్చు, జవాబూ పొందొచ్చు. ఒకప్పుడు ఊహకందని ఈ వెసులుబాటు ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివారికీ ఉంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు పని పూర్తయిపోతుంది. ప్రొఫైల్ తెరవాలి, యూపీఐలో డబ్బు కట్టాలి, ప్రశ్న రాయాలి. మొదటి రెండింటికీ నిమిషం చాలు. అసలు తయారీ కావలసింది మూడోదానికి. చాలామంది దాన్నే తేలిగ్గా తీసుకుంటారు. ‘సర్, నా కెరీర్‌కి గైడెన్స్ ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఆ ముక్క చదివి ఎంత అనుభవజ్ఞులైనా ఏం చెప్పగలరు?

సలహాకు డబ్బు కట్టడం తప్పేమీ కాదు. సరైన ప్రశ్నతో సరైన మనిషి దగ్గరికి వెళితే నెలల శ్రమ మిగులుతుంది. అయితే ఒక్క విషయం మనసులో గట్టిగా నాటుకోవాలి. డబ్బు కడితే వారి సమయం దొరుకుతుంది. మీరెవరో, మీ ఇబ్బంది ఏమిటో వారికి తెలియజెప్పే పని మాత్రం మీదే.

ఏం కొంటున్నారో తెలుసుకోండి

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. 2012లో మొదలైన క్లారిటీ అనే సంస్థ ద్వారా అనుభవజ్ఞులతో ఫోన్లో మాట్లాడవచ్చు, నిమిషాల లెక్కన డబ్బు కట్టాలి. తర్వాత బాలాజీ శ్రీనివాసన్ నడిపిన ఎర్న్ డాట్ కామ్ మెసేజ్‌కే ధర పెట్టింది. పరిచయం లేనివారు ఒక ప్రముఖుడికి రాయాలంటే బిట్‌కాయిన్‌లో రుసుము కట్టేవారు. జవాబు రాసినవారికి ఆ సొమ్ము దక్కేది. కావాలంటే దాన్ని సేవాసంస్థకు ఇచ్చేసే వీలుండేది. 2018 ఏప్రిల్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ ఆ కంపెనీని కొని, బాలాజీని తన తొలి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా నియమించుకుంది. మన దేశంలో బెంగళూరు సంస్థ టాప్‌మేట్ ఇదే పనిని మన యువతకు దగ్గర చేసింది. అందులో వీడియో కాల్‌కు ఒక ధర, ‘ప్రయారిటీ డీఎం’ పేరుతో మెసేజ్‌కు జవాబు ఇవ్వడానికి మరో ధర ఉంటాయి.

ఈ ధర వెనుక ఒక కారణం ఉంది. పేరున్నవారికి వచ్చే మెసేజ్‌లు చదవడానికే రోజంతా చాలదు. రుసుము పెడితే నిజంగా అవసరమున్నవారే రాస్తారు, రాసినవారు కాస్త ఆలోచించి రాస్తారు. అంటే మీరు కట్టే డబ్బు మీ మెసేజ్‌ని వరుసలో ముందుకు తెస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. ఉద్యోగం వస్తుందనో, రిఫరల్ దొరుకుతుందనో, ఆ ప్రముఖుడితో అనుబంధం ఏర్పడుతుందనో ఆశపడి కట్టకండి. ఆ మూడూ ఈ ధరలో లేవు.

మీ ఆట చూసినవారి మాట వినండి

సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల అక్కడే చదివారు, అక్కడి మైదానంలోనే క్రికెట్ ఆడారు. ఆ రోజుల సంగతి ఒకటి 2017లో వచ్చిన తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో చెప్పారు. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ ఏమాత్రం కుదరలేదు. కెప్టెన్ బంతి తాను తీసుకుని వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతిని మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. జట్టులో ఒకరి ఆత్మవిశ్వాసాన్ని ఎలా నిలబెట్టాలో ఆ కెప్టెన్ దగ్గర నేర్చుకున్నానని నాదెళ్ల ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు.

ఇక్కడ నేర్పిన మనిషిని గమనించండి. ఆ కెప్టెన్ లోకానికి తెలిసిన క్రికెటర్ కాదు, తోటి విద్యార్థి. కానీ నాదెళ్ల వేసిన ప్రతి బంతినీ చూశాడు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి అవకాశం ఇవ్వాలో తెలియడానికి ఆ చూడడమే ఆధారం. మీ విషయంలోనూ ఇంతే. మీ కోడ్ చదివిన టీమ్ లీడ్, మీ ప్రాజెక్ట్ చూసిన కాలేజీ సీనియర్, పాఠం అర్థమైనప్పుడూ కానప్పుడూ మీ ముఖం చూసిన అమీర్‌పేట కోచింగ్ మాస్టారు. వీళ్లకు తెలిసింది ఏ ప్రముఖుడికీ తెలియదు.

అయినా వాళ్లను అడగం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే భావన మనలో అంత బలంగా ఉంది. దాన్ని వదిలించుకోండి. ముందుగా మీ పని చూసిన ముగ్గురి పేర్లు కాగితం మీద రాసుకుని, వాళ్లను అడగండి. వాళ్లకు తెలియని అంశం ఏదో తేలాకే బయటివారి దగ్గరికి వెళ్లండి. అప్పుడు మీ ప్రశ్న సగం పదును తేలి ఉంటుంది.

వారి దారి వారిది

ప్రముఖుల జవాబుల్లో వారి జీవితమే ఎక్కువగా ఉంటుంది. అది సహజం, అందులో విలువా ఉంది. కానీ కాలం, నిబంధనలు, ఇంటి పరిస్థితి అన్నీ వేరు. నాదెళ్ల 1988లో అమెరికా వెళ్లారు, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. భార్యను తన దగ్గరకు తెచ్చుకోవడానికి 1994లో చేతిలో ఉన్న గ్రీన్‌కార్డును వదులుకుని హెచ్-1బీ వీసాకు మారారు. ఆనాటి నిబంధనల మధ్య ఆ దంపతుల అవసరంలోంచి పుట్టిన నిర్ణయమది. అందులోంచి మనం తీసుకోవలసింది ఆ ధైర్యం, కుటుంబానికి ఇచ్చిన ప్రాధాన్యం. ఆ అడుగులను ఉన్నవి ఉన్నట్టు అనుసరిస్తామంటే కుదరదు.

అందుకే ఉద్యోగం మానేయాలా, అప్పు చేసి విదేశం వెళ్లాలా, అమ్మానాన్నలను వదిలి వేరే ఊరు పోవాలా వంటి ప్రశ్నలను డబ్బు కట్టి మెసేజ్‌లో అడగకండి. వాటి ఫలితం అనుభవించేది మీరు, మీ ఇంట్లోవాళ్లు. నిర్ణయమూ అక్కడే జరగాలి.

ప్రశ్నకు నాలుగు కాళ్లు ఉండాలి

మంచి ప్రశ్నలో నాలుగు విషయాలు ఉంటాయి. ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు, సరిగ్గా ఎక్కడ ఆగిపోయారు, మీ మొగ్గు ఎటువైపు. ఈ నాలుగూ కలిపితే మెసేజ్ ఇలా వస్తుంది:

‘మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, మూడేళ్లుగా ఐటీ కంపెనీలో మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను. డేటా ఇంజినీరింగ్‌లోకి మారాలని ఉంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుని రెండు ప్రాజెక్టులు చేశాను, లింకులు కింద ఇచ్చాను. ఐదు ఇంటర్వ్యూలకు వెళితే మూడింటిలో డేటా మోడలింగ్ ప్రశ్నల దగ్గరే ఆగిపోయాను. నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఇప్పుడున్న కంపెనీలోనే డేటా టీమ్‌కి మారడం ఒకటి, ఆరు నెలలు ఇంకా చదివి బయట ప్రయత్నించడం రెండోది. నా మొగ్గు మొదటిదాని వైపు. నా ఆలోచనలో మీకు కనిపించే లోపం ఏమిటి?’

చివరి వాక్యాన్ని మరోసారి చదవండి. ‘నేనేం చేయాలి’ అని అడిగితే నిర్ణయాన్ని అవతలివారి నెత్తిన పెట్టినట్టు. ‘నా ఆలోచనలో లోపం ఏమిటి’ అని అడిగితే నిర్ణయం మీ దగ్గరే ఉంచుకుని, వారి అనుభవాన్ని మాత్రం వాడుకున్నట్టు. ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయడం వారికీ సులువు. పైగా ఇంత శ్రద్ధగా రాసిన మెసేజ్ లింక్డ్‌ఇన్‌లో ఉచితంగా పంపినా జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ముందు ఉచిత దారిలో ఒకసారి ప్రయత్నించండి.

ముందే చెప్పినది ఉందేమో వెతకండి

రచయిత్రి మాలతీ చందూర్ 1952 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక నిర్వహించారు. పాఠకులు ఉత్తరం రాస్తే ఆమె పత్రికలో జవాబిచ్చేవారు. అడిగింది ఒకరైనా, అదే సందేహం ఉన్న వేలమందికి ఆ జవాబు చేరేది. అలా నలుగురి మధ్య చెప్పిన సలహాకు గొప్ప బలం ఉంది. ఈనాటి టెక్ ప్రముఖుల్లోనూ చాలామంది ఇంటర్వ్యూలలో, పాడ్‌కాస్ట్‌లలో, పుస్తకాలలో తమ అనుభవమంతా ఇప్పటికే పంచిపెట్టారు. మీరు ఎవరికి డబ్బు కట్టాలనుకుంటున్నారో వారి మాటలు ముందు రెండు గంటలు వినండి. మీ ప్రశ్నకు అక్కడే జవాబు దొరకొచ్చు. దొరకకపోతే, వారు ఇంతవరకు చెప్పని విషయమే అడుగుతారు.

సొంతంగా కంపెనీ పెట్టే ఆలోచన ఉంటే మన హైదరాబాద్‌లోనే తలుపులు తెరిచి ఉన్నాయి. 2015 నవంబర్‌లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలైన స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. మహిళా పారిశ్రామికవేత్తల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది. ఇలాంటి చోట్ల జరిగే కార్యక్రమాలకు వెళ్లి మనుషులను కలవండి. ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు మీరు అడగని ప్రశ్నలకూ జవాబులు దొరుకుతాయి.

ఎప్పుడు కట్టొచ్చు?

ప్రశ్న చిన్నదై, స్పష్టమైనదై, జవాబుకు వృత్తి అనుభవం తప్పనిసరి అయినప్పుడు కట్టండి. రెజ్యూమేలో ఏ వాక్యం బలహీనంగా ఉందో చెప్పించుకోవడానికి, ఒక ప్రత్యేక రంగానికి మాక్ ఇంటర్వ్యూ ఇవ్వడానికి, ఆఫర్ లెటర్‌లో షేర్ల లెక్క అర్థం చేసుకోవడానికి ఇది మంచి ఖర్చు. పేరు మోసినవారి కన్నా, మీరు చేరాలనుకుంటున్న ఉద్యోగంలో నాలుగైదేళ్లుగా ఉన్నవారు ఎక్కువ పనికొస్తారు. వారికి నిన్న జరిగిన ఇంటర్వ్యూ తెలుసు. ధర కూడా సాధారణంగా తక్కువే. నెలాఖరుకు చేతిలో ఉండాల్సిన డబ్బు మాత్రం దీనికి తీయకండి.

కట్టే ముందు అసలు మనిషేనా అని చూసుకోండి. ప్రముఖుల ఫొటోతో టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో నకిలీ ఖాతాలు తెరిచి డబ్బు గుంజే ముఠాలు ఉన్నాయి. ఆ ప్రముఖుడి అధికారిక ప్రొఫైల్‌లో ఉన్న లింక్ ద్వారానే వెళ్లండి. మీకు వాళ్లే మెసేజ్ పెట్టి ఉద్యోగమో పెట్టుబడి సలహానో ఇస్తామంటే అక్కడికక్కడే ఆపేయండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సిగ్గుపడి దాచుకుంటే డబ్బు వెనక్కి వచ్చే అవకాశం గంట గంటకూ తగ్గిపోతుంది.

జవాబు వచ్చాక

జవాబు చదివి స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే ఉపయోగం లేదు. అందులోంచి ఒక్క పని ఎంచుకుని వారంలోపు చేయండి. మీ మనసు ఒప్పుకోని సలహా వస్తే, ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసుకోండి. ఆ కారణాలు గట్టివైతే మీ దారినే నడవండి, సలహా ఇచ్చినవారిని తప్పుపట్టక్కర్లేదు. ఫలితం ఏదైనా నెల తర్వాత వారికి నాలుగు వాక్యాలు రాయండి. చెప్పినది ఆచరించి, ఏమైందో తెలియజేసేవారు చాలా తక్కువ. అలాంటివారిని ఎవరూ మరచిపోరు. డబ్బుతో రాని అనుబంధం అక్కడ మొదలవుతుంది.

ఇంకొక్క బాధ్యత కూడా ఉంది. మీ వెనుక వచ్చే జూనియర్‌కు మీరే పేరున్న మనిషి. మీ కాలేజీ నుంచి, మీ వీధి నుంచి ఎవరైనా ‘అన్నా, అక్కా’ అని మెసేజ్ పెడితే పది నిమిషాలు కేటాయించి జవాబు రాయండి. వారి ప్రశ్న గజిబిజిగా ఉంటే విసుక్కోకుండా, పైన చెప్పిన నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి. ఇతరుల ప్రశ్నను సరిదిద్దడం అలవాటైనవారికి తమ ప్రశ్నను తామే స్పష్టంగా అడగడం వస్తుంది. ఈ రాత్రే ఒక కాగితం తీసుకుని మీ నాలుగు విషయాలూ రాయండి. రేపు ఉదయం దాన్ని మీ పని తెలిసిన ఒకరికి చూపించండి. డబ్బు కట్టాలో లేదో ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.