బంధువుల నికాహ్, అమెరికా వీసా ఇంటర్వ్యూ, సూటిమాట

కొంతకాలం క్రితం ఒకరోజు అస్ర్ నమాజ్ తర్వాత ఒక పెద్దమనిషి మస్జిద్‌లో మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. చేతిలో దళసరి ఫైలు. కూతురి నికాహ్ అయి ఏడాది దాటింది. అల్లుడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటాడు, అక్కడి పౌరుడు. అతడు వేరెవరో కాదు, ఈయన సొంత అక్క కొడుకే. అంటే అమ్మాయికి ఫుప్పూ కొడుకు. ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి తేదీ వచ్చింది. కాగితాలు నింపిపెట్టిన ఏజెంటు ఇలా చెప్పాడట: "మీరు బంధువులని మాత్రం నోరు జారకండి. అమెరికావాళ్ళకు అది అసహ్యం. రెండు కుటుంబాలకూ పాత పరిచయం అని చెప్పండి, చాలు."

"మౌలానా సాబ్! ఇందులో అబద్ధం ఏముంది? పాత పరిచయమే కదా!" అని ఆయన మమ్మల్ని అడిగారు. పక్కన పర్దాలో కూర్చున్న అమ్మాయి మెల్లగా అంది: "అబ్బా! అక్కడ చెయ్యి ఎత్తి ప్రమాణం చేయిస్తారట."

ఆ అమ్మాయి మాటలోనే అసలు సమస్య ఉంది. ఇలాంటి ప్రశ్నలు మాకు తరచూ వస్తున్నాయి. అందుకే ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని కాస్త వివరంగా చెప్పదలిచాం.

ముందుగా ధర్మం సంగతి. ఎవరితో వివాహం నిషిద్ధమో (హరామో) దివ్యఖుర్ఆన్ నిసా సూరా 23వ ఆయత్‌లో పేరుపేరునా తెలియజేసింది. పినతండ్రి, మేనత్త, మేనమామ, పినతల్లి సంతానం ఆ జాబితాలో లేరు. పైగా అహ్‌జాబ్ సూరా 50వ ఆయత్‌లో ఈ నాలుగు బంధుత్వాల ప్రస్తావన ధర్మసమ్మతమైన వివాహాల సందర్భంలోనే వచ్చింది. దైవప్రవక్త (సఅసం) వివాహమాడిన హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) ఆయన మేనత్త ఉమైమా కుమార్తె. ఆయన పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) భర్త అబుల్ ఆస్ (రజి) ఆమెకు ఖాలా కొడుకు, హజ్రత్ ఖదీజా (రజి) సోదరి హాలా కుమారుడు. కనుక ఇందులో దాచవలసిన సిగ్గు ఏదీ లేదు. అయితే ధర్మం అనుమతించింది కాబట్టి ప్రతి ఇంట్లో అలాగే చేయాలనీ అర్థం కాదు. అది అనుమతి మాత్రమే, ఆజ్ఞ కాదు.

ఇక అమెరికా చట్టం. మన ఏజెంట్లు తెలిసీ తెలియక భయపెట్టేది ఇక్కడే. వలస విషయంలో అక్కడి అధికారులు మొదట చూసేది, వివాహం జరిగిన చోట అది చెల్లుతుందా లేదా అని. భారతదేశంలో ముస్లింల వివాహానికి 1937 నాటి షరీఅత్ చట్టం ప్రకారం ముస్లిం పర్సనల్ లా వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడ ఈ నికాహ్ చెల్లుతుంది. రెండవది, దంపతులు కాపురం ఉండబోయే రాష్ట్రం. అమెరికాలో వివాహ చట్టం రాష్ట్రాల చేతిలో ఉంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, జార్జియా, వర్జీనియా వంటి రాష్ట్రాల్లో ఇలాంటి వివాహానికి ఆటంకం లేదు. ఇల్లినాయిస్‌లో ఇద్దరూ యాభై ఏళ్ళు దాటినవారైతేనో, ఒకరికి సంతానయోగ్యత లేకపోతేనో తప్ప అనుమతించరు. టెక్సాస్ 2005లో నిషేధించింది. టెన్నెసీ 2024లో నిషేధించింది. 1967లో అక్కడి ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు ముందుకు ఒక దంపతుల విషయం వచ్చింది. వాళ్ళు విస్కాన్సిన్ నివాసులు, దగ్గరి బంధువులు. సొంత రాష్ట్రంలో కుదరదని సౌత్ కరోలినాకు వెళ్ళి పెళ్ళి చేసుకుని తిరిగి వచ్చారు. బోర్డు ఆ వివాహాన్ని అంగీకరించలేదు. మన దేశంలో నికాహ్ చేసుకున్నవారి పరిస్థితి దానికి భిన్నం. అయినా భర్త ఉండేది టెక్సాస్ వంటి రాష్ట్రమైతే అర్జీ పెట్టక ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడాలి. వీధి చివర ఏజెంటుతో తేలే విషయం కాదది.

మా దగ్గరకు వచ్చినవారి అల్లుడు ఉండేది న్యూజెర్సీ. అంటే నిజం చెబితే వచ్చే నష్టమే లేదు. నష్టమంతా అబద్ధంలోనే ఉంది. అదెలాగో చూడండి.

భర్త వేసే ఐ-130 అర్జీలో అతని తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, భార్య తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. జనన ధ్రువపత్రాలు జతపరచాలి. మేము ఆ పెద్దమనిషిని ఒకే ఒక ప్రశ్న అడిగాం: "మీ అక్క ఎప్పుడైనా మీ కోసం అక్కడ అర్జీ పెట్టిందా?" ఆయన కాసేపు ఆలోచించి, అవునన్నారు. ఎన్నో ఏళ్ళ క్రితం తోబుట్టువుల కోటాలో తమ్ముడి కోసం ఆమె అర్జీ వేసింది. అది ఇప్పటికీ వరుసలోనే ఉంది. అంటే ఈయన ఆమె తమ్ముడని ఆమే స్వహస్తాలతో సంతకం చేసి ఇచ్చిన కాగితం అమెరికా ప్రభుత్వం దగ్గర ఏనాటి నుంచో భద్రంగా ఉంది! ఇప్పుడు కూతురు వెళ్ళి "పాత పరిచయం" అంటే ఏమవుతుంది? దాచవలసిన అవసరమే లేని బంధుత్వాన్ని దాచినందుకు అసలు పెళ్ళి మీదే అనుమానం వస్తుంది. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే శాశ్వతంగా అనర్హత వేటు పడవచ్చు. ఇక పెళ్ళే బూటకమని తేల్చితే ఆ అమ్మాయి కోసం తర్వాత ఎవరు అర్జీ పెట్టినా ఆమోదించరు. కావాలని బూటకపు పెళ్ళి చేసుకున్నవారికి అక్కడి చట్టంలో 5 ఏళ్ళ వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి.

ఇక "అబద్ధం ఏముంది?" అన్న ఆయన ప్రశ్నకు వద్దాం. మాట అక్షరాలా నిజమే అయినా వినేవాడు మరొకటి అర్థం చేసుకునేలా చెప్పడాన్ని ధర్మశాస్త్రంలో తౌరియా అంటారు. ప్రాణభయం, దౌర్జన్యం వంటి పరిస్థితుల్లో ఉలమాలు దీనికి అవకాశం ఇచ్చారు. కానీ ప్రమాణం చేశాక విషయం వేరు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దాని భావం ఏమంటే, ప్రమాణం చేయించేవాడు ఏ ఉద్దేశంతో చేయిస్తాడో ఆ ప్రమాణం దానికే వర్తిస్తుంది, చేసినవాడు మనసులో పెట్టుకున్న అర్థానికి కాదు. న్యాయమూర్తి ప్రమాణం చేయించినప్పుడు తౌరియా పనికిరాదని ఇమామ్ నవవీ (రహ్మలై) దీన్ని వివరించారు. కాన్సులేట్ అధికారి ఖాజీ కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆ దేశంలోకి అనుమతి అడుగుతున్నది మనం. వాళ్ళ షరతులకు ఒప్పుకుని సంతకం పెట్టింది మనం. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే ఆదేశం ఉంది. అడిగే హక్కు ఉన్నవాడు అడిగినప్పుడు సూటిగా జవాబు చెప్పడం మన బాధ్యత అన్నదే మా అభిప్రాయం. నికాహ్ ఖుత్బాలో మనమంతా వినే అహ్‌జాబ్ సూరా ఆయత్‌లలోని ఆదేశం కూడా ఇదే, సూటిమాట పలకమని. ఖాజీ సాబ్ చదువుతుంటే తల ఊపి, ఆ నికాహ్ గురించే అడిగినప్పుడు వంకర మాట చెబుతామా?

సూటిగా చెప్పాలనుకున్నవారు కూడా మాటల దగ్గర తడబడుతుంటారు. మన ఇళ్ళలో అలవాటైన "కజిన్ బ్రదర్" అన్న మాట అక్కడ వాడకండి. ఆ మాట అమెరికావారి ఇంగ్లీషులో లేదు. వాళ్ళ చెవికి చివరి "బ్రదర్" మాత్రమే వినబడుతుంది. అలాగే "అంకుల్ కొడుకు" అన్నా ఏమీ తేలదు. "నా భర్త తల్లి, నా తండ్రి సొంత అక్కాతమ్ముళ్ళు" అని చెప్పండి, అంతకంటే స్పష్టత ఉండదు. తెలుగులో మాట్లాడేవారికి మరో చిక్కు ఉంది. చుట్టుపక్కల తెలుగు సమాజంలో మేనరికం అంటే మేనమామ, మేనత్త పిల్లల మధ్య సంబంధమే. పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు వాళ్ళకు అన్నదమ్ములే. మన అమ్మాయి చాచా కొడుకునో ఖాలా కొడుకునో పెళ్ళాడి "మా చిన్నాన్నగారి అబ్బాయి" అని తెలుగులో చెబితే, అనువాదకుడు దాన్ని అన్నగానో తమ్ముడుగానో అనువదించే ప్రమాదం ఉంది. కాబట్టి వరుస పేరు చెప్పి ఊరుకోకుండా ఎవరి తండ్రి ఎవరికి తమ్ముడో విడమరిచి చెప్పాలి. తాతగారి దగ్గర నుంచి ఒక చిన్న వంశవృక్షం కాగితం మీద గీసి ఫైలులో పెట్టుకుంటే ఇంకా మంచిది. నికాహ్‌కు ముందు రాసుకున్న పాత మెసేజుల్లో అమ్మాయి అతణ్ణి "భాయ్" అని పిలిచి ఉంటుంది. అది చెరిపేయవలసిన విషయం కాదు. అడిగితే మా ఇళ్ళలో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తామని చెబితే చాలు.

షేక్, సయ్యద్, మొహమ్మద్ అన్న ఇంటిపేర్ల సంగతీ అంతే. అవి ఒకటైనంత మాత్రాన బంధువులు కారు, వేరైనంత మాత్రాన పరాయివారూ కారు. పాస్‌పోర్టులో ఒక రకంగా, నికాహ్‌నామాలో మరో రకంగా పేరు ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

బంధువుల నికాహ్‌లో అధికారికి కలిగే సహజమైన అనుమానం ఏమిటో కూడా అర్థం చేసుకోవాలి. మేనల్లుడు మేనమామ కూతుర్ని అమెరికా చేర్చడానికి సహాయం చేస్తున్నాడా, లేక నిజంగా భార్యను తీసుకెళ్తున్నాడా? ఇదే అతని ప్రశ్న. దీనికి చిన్నప్పటి ఈద్ ఫొటోలు జవాబు కావు. అవి బంధుత్వాన్ని చూపుతాయి, కాపురాన్ని కాదు. నికాహ్ తర్వాత ఎన్ని రోజులు కలిసి ఉన్నారు, ఎక్కడ ఉన్నారు, అతడు మళ్ళీ ఎప్పుడు వచ్చాడు, విమాన టికెట్లు, పంపిన డబ్బు రసీదులు, ఫోన్ మాటల వివరాలు, వలీమా ఫొటోలు, ఇవే సాక్ష్యాలు. సంబంధం మాట మొదట ఎవరు ఎత్తారు, మహర్ ఎంత, వలీ ఎవరు, సాక్షులు ఎవరు అన్నవి ఇద్దరికీ తెలిసి ఉండాలి. జవాబులు బట్టీ పట్టమని మేము చెప్పడం లేదు. జరిగినదాన్ని ఇద్దరూ కూర్చుని ఒకసారి గుర్తు చేసుకోండి. మరచిపోయింది మరచిపోయామని చెప్పవచ్చు, అదీ నిజమే.

ఫోన్ నికాహ్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బంధువులే కదా అన్న ధీమాతో వరుడు అమెరికాలో, వధువు ఇక్కడ ఉండగా ఫోన్‌లో ఖుబూల్ చెప్పించే ఇళ్ళు ఉన్నాయి. హనఫీ ధర్మశాస్త్రంలో ఈజాబ్, ఖుబూల్ ఒకే మజ్లిస్‌లో సాక్షుల ఎదుట జరగాలి. దూరంగా ఉన్నవారు తమ తరఫున వకీల్‌ను నియమించుకోవాలి. అలా సక్రమంగా జరిపినా అమెరికా వలస చట్టం మరో షరతు పెడుతుంది. దంపతులిద్దరూ ఒకచోట లేకుండా జరిగిన వివాహాన్ని, ఆ తర్వాత వాళ్ళు కాపురం చేసి ఉంటేనే గుర్తిస్తుంది. కాబట్టి రుఖ్సతీ కాకముందే అర్జీ వేసి కూర్చుంటే లాభం లేదు.

కొందరు స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నమోదు చేయిస్తే గట్టిగా ఉంటుందని చెబుతున్నారు. 1954 నాటి ఆ చట్టంలో నిషిద్ధ బంధుత్వాల పట్టికలో ఈ నాలుగు రకాల బంధువులూ ఉన్నారు. ఆచారం అనుమతిస్తే మినహాయింపు ఉందిగానీ, లేని తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకు? ఖాజీ ఇచ్చిన నికాహ్‌నామా (హైదరాబాద్ వైపు సియాహానామా అంటారు), దాని ఇంగ్లీషు అనువాదం, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టం ప్రకారం చేయించిన రిజిస్ట్రేషన్ దగ్గర పెట్టుకోండి.

ఇంకొక మాట తల్లిదండ్రులతో. ఇంటి పిల్లే కదా అని అమ్మాయి ఇష్టం అడగకుండా సంబంధం ఖాయం చేయడం బంధువుల మధ్యే ఎక్కువ. హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఆమె తండ్రి ఇష్టం లేని పెళ్ళి చేస్తే దైవప్రవక్త (సఅసం) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. కాన్సులేట్ అధికారి అమ్మాయిని ఒంటరిగా నిలబెట్టి "నీ ఇష్టంతోనే జరిగిందా?" అని అడిగే రోజు కంటే ముందే మీరు అడగండి. ఆమె జవాబు అవును కాకపోతే, ఆ ఫైలు అక్కడితో మూసేయండి.

కేవలం కాగితాల కోసం నికాహ్ చేసి అమెరికా చేరాక విడిపోదామనుకునేవారు కూడా ఉన్నారు. షరీఅత్‌లో కాగితపు నికాహ్ అంటూ ఏదీ లేదు. నికాహ్, తలాఖ్ పరిహాసానికి పలికినా నిజమే అవుతాయని హదీసులో ఉంది. మహర్, పోషణ, వారసత్వం అన్నీ ఆ క్షణం నుంచే వర్తిస్తాయి. అక్కడి చట్టమూ తేలిగ్గా వదలదు. పెళ్ళయి 2 ఏళ్ళు నిండకముందే వెళ్ళినవారికి 2 ఏళ్ళ షరతులతో కూడిన గ్రీన్ కార్డే ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి.

ఆ పెద్దమనిషి ఆ రోజు మా మాటలు విని తృప్తి పడలేదు, నిజం చెప్పాలంటే. "రేపు వీసా రాకపోతే మీరు బాధ్యత తీసుకుంటారా?" అన్నారు. వీసా ఇవ్వడం మా చేతిలో లేదనీ, ప్రమాణం మాత్రం ఆ అమ్మాయి మెడ మీదే ఉంటుందనీ చెప్పాం. రెండు నెలల తర్వాత ఆమె ముంబయి నుంచి తిరిగొచ్చాక కబురు తెలిసింది. అధికారి బంధుత్వం గురించి అడిగాడట. "ఆయన తల్లి మా నాన్నకు అక్క" అని చెప్పి, వంశవృక్షం కాగితం చూపింది. అతను దాన్ని చూసి, రాసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడట. ఎక్కువసేపు అడిగింది మరొక విషయం. నికాహ్‌కూ రుఖ్సతీకీ మధ్య నాలుగు నెలల తేడా ఎందుకు ఉంది? ఫుప్పా ఆసుపత్రిలో ఉన్నారని ఆమె చెప్పింది. ఆసుపత్రి కాగితాలు పంపమని ఒక చీటీ ఇచ్చి పంపారు. అలాంటి చీటీ ఇస్తే చట్టప్రకారం దాన్ని నిరాకరణగానే లెక్కిస్తారు, కానీ అదే తుది నిర్ణయం కాదు, అడిగినవి పంపితే ఫైలు మళ్ళీ కదులుతుంది. ఆ కాగితాలు న్యూజెర్సీ నుంచి తెప్పించి పంపారు.