నిన్న ఏం చేశావమ్మా అని అడుగు

పొందూరు

చి. చిట్టికి,

 

నువ్వు వాట్సాప్‌లో పంపిన చార్టు చూశాను. ఫ్యామిలీ ఎడాప్షన్ కింద మీ మెడికల్ కాలేజీ వాళ్ళు నీకు అప్పగించిన ఇళ్ళల్లో గోడకి అంటిస్తానన్నావు. బొమ్మలు బాగున్నాయి. ‘రోజూ 30 నిమిషాలు నడవండి’ అన్న అక్షరాలూ ముచ్చటగా ఉన్నాయి. అందులో తప్పు ఒక్కటీ లేదు. అయినా అది చూసి ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పులేసుకుని బయటికి రారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు చూడు, మన ఆరోగ్య శాఖ గోడ రాతలన్నీ ఆ బాపతే. ఏఎన్ఎంగా ఉద్యోగమంతా గడపగడపా ఎక్కి దిగినదాన్ని, ఆ రాతలు నా చేత్తోనూ అంటించాను, అందుకే అంటున్నాను.

మన ఊళ్ళో రాట్నం ముందు కూర్చునే ఆమెని తీసుకో. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గింజ తీసి, ఏకులు చేసుకుని, 24 ఆకుల రాట్నం ముందు చాపేసుకుని కూర్చుంటుంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమచెయ్యి దారాన్ని భుజం ఎత్తుదాకా లాగుతుంది. నడుం ముందుకి వంగే ఉంటుంది, మోకాలు మడిచిందల్లా మడిచినట్టే. 100 కౌంటు సన్న నూలు రావాలంటే చూపు అటూ ఇటూ తిప్పడానికి లేదు. ‘వ్యాయామం చేస్తావా’ అంటే నవ్వుతుంది. ‘రోజంతా సెయ్యి తిరగతానే ఉంటాది కదమ్మా, ఇంకేటి సెయ్యమంతావు’ అంటుంది. అబద్ధం కాదు. పొద్దు వాలేసరికి ఆమె ఒళ్ళు హూనమైపోతుంది. కానీ చిట్టీ, చెయ్యి అలిసిపోయింది గానీ గుండె వేగం పెరిగిందెక్కడ? రాట్నం తిప్పుతున్నప్పుడు నాడి పట్టుకుని చూడు, ఊరికే కూర్చున్నదానికంటే పెద్దగా తేడా ఉండదు. అలుపు వేరు, కసరత్తు వేరు. ఈ తేడా ఆమెకి తెలియకపోతే తప్పు లేదు, నీకు తెలియాలి.

ఆ పక్క వీధిలోనే ఉడుపులకి వెళ్ళొచ్చే కూలీ ఆడమనిషి ఉంటుంది. మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసి ఇంటికొచ్చాక నీ చార్టు చదివితే వెక్కిరించినట్టుంటుంది. ఆమెకి కావలసింది నడక కాదు, విశ్రాంతి, నీళ్ళు, ఒంటి నొప్పులకి రోజూ బిళ్ళ మింగితే కిడ్నీలు పాడవుతాయన్న హెచ్చరిక. మూడో ఇంట్లో పంతులుగారు. పాలప్యాకెట్టుకి కూడా బండి తీస్తారు. నీ చార్టు సరిగ్గా ఆయన కోసమే రాసినట్టుంది, ఆయనే దాన్ని చదవరు.

చేసే పని గుండెని ఎలా మారుస్తుందో మొదట లెక్కగట్టింది లండన్‌లో, జెర్రీ మోరిస్ అనే డాక్టరు. 1953లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. రెండంతస్తుల బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ వచ్చింది. బస్సు ఒకటే, జీతాలిచ్చే కంపెనీ ఒకటే. మీ పీఎస్ఎం (సామాజిక వైద్యం) పుస్తకంలో ఇది రెండు లైన్లలో అయిపోవచ్చు, నువ్వు మాత్రం మన ఊరి బస్సెక్కినప్పుడల్లా తలుచుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారం నువ్వు చూసే ఉంటావు. వయసు, పొగాకు, నడుం కొలత, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగరు ఉన్నాయా అని అడుగుతూ, వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తారా అని ఒక ప్రశ్న ఉంటుంది. చెయ్యకపోతే ఒక మార్కు. మొత్తం మార్కులు 4 దాటితే ముందుగా పరీక్షలకి పంపాలి. నడుం కొలత టేపుతో కొలుస్తారు, బాగానే ఉంది. ఈ 150 నిమిషాల ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ‘ఇంటిపనే బోలెడు, చేస్తుందిలే’ అని టిక్కు పడిపోతుంది. అడిగేవాళ్ళ తప్పని అనను. వారం మొత్తాన్ని నిమిషాల్లో లెక్కేసి చెప్పమంటే నువ్వు చెప్పగలవా?

అందుకని ‘వ్యాయామం’ అన్న మాటే ఎత్తకు. ‘నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏం చేశావో చెప్పమ్మా’ అను. నీళ్ళెవరు తెచ్చారు, మిల్లుకి ఎలా వెళ్ళావు, రాట్నం దగ్గర ఎప్పుడు కూర్చున్నావు, మధ్యలో ఎన్నిసార్లు లేచావు. వాళ్ళు చెప్తుంటే మధ్యలో నీతులు పెట్టకుండా విను. అంతా విన్నాక రెండే అంకెలు రాసుకో: ఆయాసం వచ్చేలా కదిలినవి వారంలో ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని నిమిషాలు. గుణిస్తే వారం లెక్క వస్తుంది. అమెరికాలో కైసర్ పర్మనెంటే ఆస్పత్రులవాళ్ళు 2009 నుంచి ఇదే రెండు ప్రశ్నలు అడిగి బీపీ, నాడి పక్కన రాస్తున్నారు. మన ఓపీ చీటీ మీద కూడా బీపీ పక్కన కావలసినంత జాగా ఉంది.

సలహా ఆ తరవాత. రాట్నం ఆమెతో నేనైతే ‘కదురు నిండినప్పుడల్లా లేచి వీధి చివరిదాకా వెళ్ళి రావే’ అంటాను. వడివడిగా నడవమంటాను. 10 నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అని 2010లో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020లో ఆ షరతు తీసేసింది. ఐదు నిమిషాలైనా లెక్కలోకే వస్తాయి. గుడ్డి కన్నా మెల్ల మేలని మన వాళ్ళు ఎప్పుడో అన్నారు. అదే సంస్థ వారానికి రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు కూడా చెయ్యాలంది, ఆ సగాన్ని అందరూ మింగేస్తారు. నీ చార్టులోనూ లేదు. చేతులు ఆనించకుండా పీట మీంచి లేవడం, గోడని రెండు అరచేతులతో తోయడం, ఇవి చాలు. ‘ఆడోళ్ళకి బలమెందుకమ్మా’ అంటే కరణం మల్లీశ్వరి పేరు చెప్పు. మన పక్క ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. మన ఆడపిల్లల్ని బరువులు ఎత్తొద్దనే ఊళ్ళ మధ్య నుంచే వెళ్ళింది.

నడవమని చెప్పేముందు ఎక్కడ నడుస్తారో చూసుకో. తెల్లారగట్ల రోడ్డు మీద కుక్కలు, లారీలు, ఆపైన ‘ఈ వయసులో దీనికేటొచ్చిందీ’ అనే నోళ్ళు. ఒంటరిగా ఎవరూ రారు. నలుగురైతే వస్తారు. డ్వాక్రా సంఘం మీటింగుకి వెళ్ళి అడుగు, నడక అక్కడ మొదలైతే నిలుస్తుంది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో చాలినంత కదలని ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం అని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2024లో వేశారు. ఆ తేడా అంతా బద్ధకం కాదు, సగం వీధిది.

కొన్ని జాగ్రత్తలు మర్చిపోకు. షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు పరగడుపున నడిచి కళ్ళు తిరిగి పడిపోవచ్చు, ఏ బిళ్ళో అడుగు. కాళ్ళకి స్పర్శ ఉందో లేదో చూడు, చెప్పుల్లేకుండా పంపకు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందన్న మనిషికి ముందు పరీక్ష, తరవాతే నడక. కవిటి, సోంపేట వైపు పోస్టింగు పడితే ఎండలో కసరత్తు మాట ఎత్తకు. ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, ఎండలో ఒళ్ళు ఎండబెట్టుకుంటే కిడ్నీకి చేటని మాత్రం అందరికీ తెలుసు. ఎంత జోరుగా నడవాలంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఈ కొలతకి వాచీ అక్కర్లేదు.

ఇక నీ సంగతి. హాస్టల్లో రెండో అంతస్తుకి లిఫ్టు ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. తాము కదిలే డాక్టర్లే రోగికి కదలమని ఎక్కువగా చెప్తారని చదివాను, మన దగ్గరా అంతే. మెట్లెక్కి పైకి వెళ్ళి నాడి చూసుకో, నిమిషం ఆగి మళ్ళీ చూసుకో. ఫిజియాలజీలో రికవరీ అని చదివేది అదే. ఇంకో మాట: విలేజ్ క్లినిక్‌లో నర్సింగు చదివి వచ్చిన అమ్మాయి, ఆశా, ఫిజియో చదివేవాళ్ళు, వీళ్ళని పక్కన పెట్టి నువ్వొక్కదానివే చేద్దామనుకోకు. నువ్వు వెళ్ళిపోయాక ఆ ఇంటికి వెళ్ళేది ఆశాయే.

వచ్చే విజిట్‌కి టేపు, బీపీ మిషను, ఒక నోట్‌బుక్ చాలు. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ, ఒక్కో మనిషికి ఒక్క మార్పు మాత్రమే. మళ్ళీ వెళ్ళినప్పుడు ముందు ఆ ఒక్కటే అడుగు. చెయ్యలేదంటే కోప్పడకు, ఏది అడ్డమొచ్చిందో రాసుకో. రాట్నం ఇళ్ళు చూడాలంటే సెలవులకి ఇక్కడికి రా, నేను తీసుకెళ్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ